కళ్లెం కుట్టించే ముందు గుర్రం తల కొలవండి

ప్రశ్న: సార్, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. పోయిన ఏడు జడ్చర్ల వైపు పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పే ఒకాయన దగ్గర మార్వారీ రకం ఆడగుర్రాన్ని కొన్నాను. పేరు బిజిలీ. ఆరేళ్లు ఉంటాయన్నారు. పద్నాలుగేళ్ల మా అబ్బాయి సాయంత్రం పూట చెరువు కట్ట మీద, పొలం బాటల్లో స్వారీ చేస్తాడు. ఆన్‌లైన్‌లో ‘ఫుల్ సైజు’ కళ్లెం తెప్పించాం. అది వేసినప్పటి నుంచి తల విదిలిస్తోంది. కళ్లెం చేతిలో కనబడితే చాలు, తల పైకెత్తి అందకుండా చేస్తోంది. చెవుల వెనక వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. ముక్కు పట్టీ గట్టిగా బిగిస్తే దారికొస్తుందని గుర్రాలు తెలిసినాయన ఒకరు చెప్పారు. నిజమేనా? మా ఊళ్లో చెప్పులు కుట్టే అన్న తోలుతో కొత్తది కుట్టి ఇస్తానంటున్నాడు. ఆయనకు ఇవ్వొచ్చా, హైదరాబాద్‌లోనో కాన్పూర్‌లోనో చేయించాలా? కొలతలు ఎట్లా తీసుకోవాలి?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

సమాధానం: ముక్కు పట్టీ బిగించకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ఈ ఒక్కటి మాత్రం ఈ రోజు నుంచే పాటించండి. బిజిలీ మొండిది కాదు. మీరు రాసిన మూడు గుర్తులు, అంటే తల విదిలించడం, కళ్లెం చూడగానే తల ఎత్తేయడం, చెవుల వెనక వెంట్రుకలు ఊడటం, మూడూ ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయి. దానికి ఆ కళ్లెం నొప్పి పెడుతోంది. నోరులేని జీవి ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెబుతుంది? నొప్పి పెడుతున్నదాన్ని ఇంకా బిగిస్తే విదిలించడం ఆగొచ్చు కానీ నొప్పి ఆగదు. అది లోపలే ఉండి ఒకనాడు మీ అబ్బాయిని కింద పడేసే దాకా పోతుంది.

కాబట్టి ముందు చేయాల్సింది కొత్త కళ్లెం కుట్టించడం కాదు. చెవుల వెనక చర్మం పూర్తిగా మానే దాకా దాని తల మీద ఏ కళ్లెమూ వేయకండి. వెడల్పాటి మెత్తని నూలు పట్టీతో చేసిన హాల్టర్, అంటే నోట్లో ఏమీ పెట్టని తలపట్టీ వేసి, అది పుండు మీదికి రాకుండా చూసుకుని చేత్తో నడిపించండి. స్వారీ వద్దు. వెంట్రుకలు మళ్లీ మొలవడం మొదలయ్యాక కొలతల సంగతి చూడొచ్చు. ఈలోగా పశువైద్యుడికి దాని నోరు ఒకసారి చూపించండి. గుర్రం దవడ పళ్లు జీవితమంతా అరుగుతూ, పైకి జరుగుతూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు పదునెక్కి బుగ్గల లోపలి చర్మాన్ని కోస్తాయి. కొన్నిటికి దవడ పళ్లకు ముందు చిన్న పన్ను ఒకటి ఉంటుంది. బిట్, అంటే కళ్లెంలో నోట్లో ఉండే లోహపు కడ్డీ, దానికి తగిలినప్పుడల్లా గుర్రం తల ఎగరేస్తుంది. ఇవేవీ తేల్చకుండా ఎంత మంచి తోలుతో కళ్లెం కుట్టించినా డబ్బు దండగ. మీ దగ్గరి ఆసుపత్రిలో గుర్రాల పళ్లు అరగదీసే సామాను లేకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి వెళ్లి అడగండి.

ఇక ముక్కు పట్టీ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా మన వైపు చాలామంది నోట వింటాను. ఎద్దులకు ముకుతాడు వేసి అలవాటైన చేతులకు గుర్రం ముక్కు కూడా అలాగే లొంగుతుందని అనిపించడం సహజం. కానీ గుర్రం శరీరం వేరు. గుర్రం నోటితో గాలి పీల్చలేదు. దానికి ఊపిరి అంటే ముక్కు ఒక్కటే. ముక్కు ఎముక పై భాగం గట్టిగా ఉంటుంది కానీ కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, ఆఖర్న మెత్తని కండ, మృదులాస్థి మాత్రమే మిగులుతాయి. పట్టీ కిందికి జారి అక్కడ బిగిస్తే ఊపిరి దారే ఇరుకవుతుంది. పైన కడితే ఇంకో ఇబ్బంది. చెంప మీద కంటి కింద నుంచి ముందుకు ఒక ఎముక గట్టు వస్తుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. పట్టీ దాని మీద పడితే చర్మం ఒరుసుకుపోతుంది. ముఖానికి పోయే నరాలు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. దవడ లోపల పదునైన పళ్లు, బయట బిగించిన పట్టీ, మధ్యలో బుగ్గ. ఆ బుగ్గకు ఎంత బాధో ఆలోచించండి.

ఇది మన దగ్గరే ఉన్న తప్పు కాదు. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఐర్లాండ్, ఇంగ్లండ్, బెల్జియం పోటీల్లోని 750 గుర్రాల ముక్కు పట్టీలు కొలిచి చూస్తే 44 శాతం గుర్రాలకు పట్టీ కింద కొలిచే పరికరం కొస కూడా దూరలేదట. రెండు వేళ్ల సందు ఉన్నవి 7 శాతమే. అంత డబ్బు, అంత శిక్షణ ఉన్నచోట కూడా ఈ పరిస్థితి! ఆ తర్వాత అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య 2025లో పోటీల్లో ముక్కు పట్టీ బిగువు కొలిచేందుకు ప్రత్యేక పరికరం ప్రవేశపెట్టింది. అందులోని లెక్క సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల సందు, అంటే పెద్దమనిషి రెండు వేళ్లు పట్టేంత. ఆ రెండు వేళ్లు పెట్టాల్సింది పక్కన బుగ్గ దగ్గర కాదు. అక్కడ మెత్తగా ఉంటుంది, వేళ్లు ఎప్పుడైనా దూరుతాయి. ముఖం మధ్యలో, ముక్కు ఎముక మీద పెట్టి చూడాలి. వేళ్లను పడుకోబెట్టి సులువుగా తోయగలగాలి.

నిజం చెప్పాలంటే మీ అబ్బాయి చేసే స్వారీకి ముక్కు పట్టీ అవసరమే లేదు. అది లేకుండానే కళ్లెం పూర్తవుతుంది. చెవుల వెనక నెత్తి మీదుగా పోయే తలకట్టు, నుదుటి పట్టీ, రెండు చెంప పట్టీలు, గొంతు పట్టీ, బిట్, పగ్గాలు ఉంటే చాలు. చూడ్డానికి ముఖం బోసిగా అనిపిస్తే పెట్టించుకోండి, తప్పు లేదు. కానీ వదులుగా.

ఇప్పుడు మీ ‘ఫుల్ సైజు’ సంగతి. పోనీ, కాబ్, ఫుల్ అనే ఈ సైజులు యూరప్ గుర్రాల తలలను చూసి పెట్టినవి. ఒక కంపెనీ ఫుల్ ఇంకో కంపెనీ ఫుల్‌తో కలవదు. పైగా మన మార్వారీ, కాఠియావాడీ గుర్రాల చెవులు లోపలికి వంగి, కొసలు దాదాపు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. ఆ చెవులు ముందుకు, వెనక్కు, పక్కలకు బాగా తిరుగుతాయి. తిరిగే చెవికి మొదట్లో చోటు కావాలి. మీ బిజిలీకి అక్కడే ఇబ్బంది వచ్చిందని నా అంచనా. నుదుటి పట్టీ పొట్టిగా ఉంటే అది తలకట్టును ముందుకు లాగుతుంది. తలకట్టు అంచు చెవుల వెనక మొదళ్లలోకి గుచ్చుకుంటుంది. గుర్రం తల ఊపినప్పుడల్లా అక్కడే రాసుకుంటుంది. వెంట్రుకలు ఊడింది సరిగ్గా ఆ చోటే కదా. పాత కళ్లెం నుదుటి పట్టీని తీసి, దాని పొడవు ఎంతుందో ముందు రాసి పెట్టుకోండి. మీరు తీసే కొత్త కొలత దానికంటే పెద్దదిగా వస్తే మీ అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది.

చాలామంది దీనికి తలకట్టు కింద స్పాంజీయో గొర్రె బొచ్చో పెట్టి సరిపెడతారు. మెత్త పెట్టడం మంచిదే కానీ పొట్టి పట్టీకి అది మందు కాదు. మెత్త పెట్టాక ఉన్న చోటు ఇంకా తగ్గుతుంది.

కొలతలకు దర్జీ దగ్గర ఉండే బట్ట టేపు, సాగని నూలు తాడు, సుద్దముక్క, నోటుపుస్తకం చాలు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, ఈగలు ముసరకముందు పెట్టుకోండి. గుర్రం తల కింది చూపుతో తీరిగ్గా ఉన్నప్పుడే కొలవాలి. మెడ నిక్కబొడిచి ఉన్నప్పుడు కొలిస్తే గొంతు దగ్గర లెక్క తప్పుతుంది. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కొలవాలి, మీ అబ్బాయి రాసుకోవాలి. ప్రతి కొలతనూ మళ్లీ ఒకసారి తీసి చూడండి. రెండుసార్లు తేడా వస్తే మూడోసారి.

అన్నిటికంటే ముందు బిట్ తేల్చుకోండి, తోలు మాట తర్వాత. చెంప పట్టీ వచ్చి కలిసేది బిట్ రింగుకే. రింగు పెద్దదైతే పట్టీ పొట్టిగా ఉండాలి, చిన్నదైతే పొడవుగా. బిట్ తెలియకుండా కుట్టిన చెంప పట్టీ ఆఖరి రంధ్రంలోకి పోయి కూర్చుంటుంది.

బిట్ వెడల్పు కోసం నున్నగా గీకిన సన్నని వెదురు పుల్ల తీసుకోండి. దాన్ని బిట్ ఉండే చోట, అంటే ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్యనున్న ఖాళీలో నోటికి అడ్డంగా పెట్టండి. పెదవుల కొసలు ఎక్కడ ముగుస్తున్నాయో రెండు వైపులా సుద్దతో గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరానికి పక్కకు అర సెంటీమీటరు చొప్పున మొత్తం ఒక సెంటీమీటరు కలపండి. మధ్యరకం గుర్రాల్లో ఇది చాలావరకు నాలుగున్నర అంగుళాల నుంచి ఐదుంబావు దాకా వస్తుంది. ఇంతకంటే ఇరుకైతే పెదవి కొసలు నలుగుతాయి. మరీ వెడల్పైతే బిట్ నోట్లో పక్కకు జారుతూ ఉంటుంది, మధ్యలో కీలున్న బిట్ అయితే ఆ కీలు సరైన చోట నిలవదు.

ఆ బిట్‌ను ఎంత ఎత్తులో ఉంచాలన్నదానికి పాతవాళ్లు పెదవి కొసన ఒకటి రెండు ముడతలు పడాలంటారు. మొదట చూసుకోవడానికి ఆ మాట పనికొస్తుంది. కానీ పెదవులు కండపట్టి ఉన్న గుర్రాలకు ముడత కనబడకుండానే బిట్ సరిగ్గా ఉంటుంది. సన్నని పెదవులున్న గుర్రాలకు కొద్దిగా పైకి లాగినా మూడు ముడతలు పడతాయి. అందుకే ముడతలు లెక్కపెట్టి ఊరుకోకుండా పెదవి పైకెత్తి లోపల చూడండి. బిట్ చిగురు మీద తీరుగా ఆనాలి, ముందు పళ్లకు గానీ దవడ పళ్లకు గానీ తగలకూడదు. ఆ చిగురు చాలా పలచన. దాని కింద ఎముకే.

బిట్ ఎత్తు కుదిరాక ఒక రింగు దగ్గర తాడు ఆనించి, చెంప మీదుగా చెవుల వెనక్కి, అక్కడి నుంచి అవతలి చెంప మీదుగా అవతలి రింగు దాకా తీసుకెళ్లండి. తలకట్టు, చెంప పట్టీలు కలిపి ఉండాల్సిన మొత్తం పొడవు ఇదే. ఇందులోనే ఒక పని మర్చిపోకండి. నడినెత్తి నుంచి కుడి రింగు దాకా, నడినెత్తి నుంచి ఎడమ రింగు దాకా విడివిడిగా కూడా కొలవండి. మనిషికి రెండు పాదాలు సరిసమానంగా ఉండనట్టే గుర్రం ముఖంలో కూడా రెండు పక్కలా కొద్దిపాటి తేడా ఉండొచ్చు.

నుదుటి పట్టీకి ఒక చెవి వెనక తలకట్టు నిలిచే చోట టేపు మొదలుపెట్టి, చెవి కింది నుంచి నుదురు మీదుగా, అవతలి చెవి కింది నుంచి దాని వెనక అదే చోటికి చేర్చండి. టేపు కింద ఒక వేలు పెట్టి కొలవండి, చర్మానికి అతికించి కాదు. బిజిలీ చెవుల తీరుకు దీనికి ఇంకో సెంటీమీటరు కలిపినా నష్టం లేదు. వదులైన నుదుటి పట్టీ కొద్దిగా కిందికి దిగి కనబడుతుంది, అంతే. పొట్టిదైతే పుండు చేస్తుంది.

గొంతు పట్టీకి చెవి వెనక నుంచి గొంతు కింది దాకా, మళ్లీ అవతలి చెవి వెనక దాకా కొలవాలి. కట్టిన తర్వాత దవడ పక్కన మీ నాలుగు వేళ్లు నిలువుగా పట్టాలి. గుర్రం మెడ వంచినప్పుడు అక్కడ లావవుతుంది, అందుకే ఇంత సందు. ఈ పట్టీ పని కళ్లెం తల మీంచి ముందుకు జారకుండా ఆపడమే. ముక్కు పట్టీ పెట్టించుకునేటట్టయితే చెంప ఎముక గట్టు ముగిసే చోటుకు రెండు వేళ్లు కిందగా ముక్కు చుట్టూ టేపు తిప్పి, ముక్కు ఎముక మీద రెండు వేళ్లు టేపు కింద ఉంచి ఆ కొలత రాసుకోండి.

పగ్గాలను గుర్రం తలతో కొలవకండి, ఎక్కేవాడితో కొలవాలి. మీ అబ్బాయి జీను మీద కూర్చున్నప్పుడు, బిజిలీ మెడ చాచి నీళ్లు తాగేంత పొడవు పగ్గానికి ఉండాలి. కానీ మామూలుగా పట్టుకున్నప్పుడు మిగిలిన కొస వేలాడి పిల్లవాడి పాదానికి చుట్టుకునేంత ఉండకూడదు. పెద్దవాళ్ల పగ్గాలు పిల్లల చేతికి వెడల్పు కూడా ఎక్కువవుతాయి. అరంగుళం నుంచి ముప్పావు అంగుళం మధ్య పట్టీ మీ అబ్బాయి పిడికిట్లో బాగా ఇముడుతుంది. ఇంకొక్క మాట. కొత్తగా నేర్చుకునే పిల్లలు తూలినప్పుడు పగ్గాలు పట్టుకుని నిలదొక్కుకుంటారు. ఆ బరువంతా గుర్రం నోటి మీద పడుతుంది. తల విదిలించడానికి ఇది కూడా కారణం కావచ్చు. గుర్రం మెడ చుట్టూ ఒక విడి తోలు పట్టీ వదులుగా వేసి, తూలితే దాన్ని పట్టుకోమనండి. ఆ పట్టీ కూడా ఇదే తోలులోంచి కుట్టించుకోవచ్చు.

బరాత్ గుర్రం కాబట్టి దాని పాత బిట్ ఎలాంటిదో కనుక్కోండి. బరాత్‌లలో డప్పులు, డీజేలు, టపాకాయల మధ్య గుర్రాన్ని ఆపడానికి ముళ్లు, మొనలు ఉన్న బిట్లు వాడేవాళ్లు కొందరున్నారు. అవి నాలుకనూ చిగురునూ చీరేస్తాయి. 1965 నాటి జంతుహింస నివారణ నిబంధనలు బరువు లాగే, మోసే జంతువులకు ముళ్ల బిట్లు వాడటాన్ని నిషేధించాయి. అయినా అవి కనిపిస్తూనే ఉన్నాయి. బిజిలీ నోట్లో నాలుక మీద మాసిన గాట్లు, చిగురు మీద గట్టిపడిన మచ్చలు ఉన్నాయేమో వైద్యుడు నోరు తెరిచినప్పుడే చూడమనండి. ఉంటే కళ్లెం చూసి తల ఎత్తడం మీ ఇంట్లో మొదలైంది కాదన్నమాట. అప్పుడు మీకు ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. బిట్ నున్నటి స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకోండి. మధ్యలో ఒకటి లేదా రెండు కీళ్లు, రెండు పక్కలా రింగులు ఉంటే చాలు, పొడవాటి కమ్మీలు, గొలుసులు వద్దు. వేలితో అంతా తడిమి చూడండి. ఎక్కడా గరుకు తగలకూడదు, రింగు తిరిగే చోట చర్మం చిక్కేంత సందు ఉండకూడదు. లావుగా ఉంటే మెత్తగా ఉంటుందనే మాట కూడా అన్ని గుర్రాలకు నప్పదు. నాలుక మందంగా, నోరు చిన్నగా ఉన్న గుర్రానికి లావు బిట్ పెడితే నోరు మూసుకోలేదు.

ఇప్పుడు మీ ఊరి అన్న సంగతి. ఆయనకే ఇవ్వండి. అలా అనడానికి కారణముంది. మన ప్రాంతంలో తోలుపని అంటే చెప్పులు ఒక్కటే కాదు. బావుల మీద మోట కొట్టిన రోజుల్లో నీళ్లు కారని మోట తొండాలు కుట్టింది ఈ చేతులే. తోలు కుట్టే ఆరె, కోసే రంపె పట్టుకున్నవాడికి కళ్లెం కుట్టడం కష్టమేమీ కాదు. ఆయనకు లేనిదల్లా గుర్రం తల కొలత, ఆ కొలత మీరు ఇస్తున్నారు. అన్నిటికన్నా పెద్ద లాభం, ఆయన బిజిలీ దగ్గరికి నడిచి రాగలడు. తల మీద వేసి చూసి, ఎక్కడ ఒత్తుతోందో చూపిస్తే అక్కడే విప్పి సరిచేస్తాడు. కాన్పూర్ నుంచి వచ్చిన పార్శిల్‌ను అలా సరిచేయించలేం. కాన్పూర్ పని నాణ్యత మీద నాకు అనుమానం లేదు. అక్కడి జీను సామగ్రికి భౌగోళిక గుర్తింపు ఉంది, విదేశాలకు పోతుంది. హైదరాబాద్‌లో రేసు గుర్రాలు, పోలీసు గుర్రాలు ఉన్నాయి కాబట్టి అక్కడ సామాను తెలిసినవాళ్లు దొరుకుతారు. బిట్టు, బకిళ్లు అక్కడ కొనుక్కోండి. తోలు పని మాత్రం ఊళ్లో జరగనివ్వండి.

అయితే చెప్పుల తోలుతో మాత్రం కుట్టనివ్వద్దు. ఇక్కడ ఆయనతో కూర్చుని మాట్లాడాలి. చెప్పుల పై పట్టీలకు ఎక్కువగా వాడే మెత్తని తోలు క్రోమియం ఉప్పులతో పదును చేసింది, అంటే పచ్చితోలును కుళ్లకుండా శుద్ధి చేసింది. అది లాగితే సాగుతుంది. కళ్లేనికి కావలసింది చెట్టు బెరడుతో, కాయలతో పదును చేసిన తోలు. మన పల్లెల లందల్లో, అంటే తోలు నానబెట్టే గుంటల్లో ఒకప్పుడు తంగేడు చెక్కతో, కరక్కాయతో చేసింది అదే. అది గట్టిగా ఉంటుంది, తక్కువ సాగుతుంది, వాడేకొద్దీ ఆ గుర్రం ముఖం తీరుకు ఒదుగుతుంది. కోసిన అంచు చూస్తే సాధారణంగా గుర్తుపట్టొచ్చు. రంగు వేయకముందు చెట్టు పదును తోలు లోపల గోధుమ రంగులో ఉంటుంది, క్రోమియం తోలు లోపల నీలం బూడిద రంగులో ఉంటుంది. మందం మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. జంతువు వీపు భాగం తోలు అడగండి, పొట్ట భాగం వద్దు. పొట్ట తోలు వదులు, ఒకవైపు ఎక్కువ సాగి పట్టీ వంకర పోతుంది. పట్టీని మడిచి చూడండి. పైపొరలో సన్నని గీతలు వచ్చి సరిచేయగానే పోతే మంచిదే, పగుళ్లు నిలిచిపోతే ఆ ముక్క పక్కన పెట్టేయండి.

కుట్టు చేతిదే కావాలి. ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు, ప్రతి రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా పోవాలి. అలా కుడితే ఒక చోట తెగినా మిగతా కుట్టు ఊడదు. మిషన్ కుట్టు ఒకచోట తెగితే వరసగా జారిపోయే ప్రమాదం ఉంది. దారానికి మైనం పట్టించమనండి. బిట్‌కూ పగ్గానికీ కలిసే చోట్ల కుట్టు దగ్గర దగ్గరగా ఉండాలి, ఎందుకంటే తెగితే అక్కడే తెగుతుంది, తెగిన నిమిషంలో పిల్లవాడి చేతిలో గుర్రం ఉండదు. బకిళ్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గానీ పూర్తి ఇత్తడివి గానీ తీసుకోండి. నికెల్ పూత వేసిన ఇనుపవి మొదట మెరుస్తాయి, తర్వాత చెమటకు తుప్పు పడతాయి. అయస్కాంతం తీసుకెళ్లి పెట్టి చూడండి, ఇత్తడికి అంటుకోదు.

తలకట్టును చెవుల దగ్గర వంపుగా లోపలికి కోయమనండి. నడినెత్తి మీద మాత్రం వెడల్పుగా, నాలుగు సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. అంచులన్నీ గీకి, గుండ్రంగా తీర్చి, నున్నగా రుద్దాలి. ఆయన కొత్త చెప్పు అంచును ఎలా రుద్దుతాడో అంతకంటే శ్రద్ధగా, ఎందుకంటే ఇది ఆనేది చెవుల వెనకనున్న పలచని చర్మానికి. ముక్కు పట్టీ పెట్టించుకుంటే దాని సన్నని పట్టీని తలకట్టు కింది నుంచి పోనివ్వద్దు. రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి పడితే కింది సన్నని పట్టీయే నెత్తి మీద గీతలాగా ఒత్తుతుంది. తలకట్టు రెండు కొసలనే చీల్చి ముక్కు పట్టీని కూడా దాంట్లోంచే వేలాడదీస్తే బరువంతా ఒకే వెడల్పాటి తోలు మీద పడుతుంది.

రంధ్రాల విషయంలో కుట్టేవాళ్లు తొందరపడతారు. మీరు ఇచ్చిన కొలత మధ్య రంధ్రానికి రావాలి. పైన రెండు, కింద రెండు మిగలాలి. తోలు కొద్దిగా సాగుతుంది, గుర్రం కండ పెరుగుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. రెండు పక్కలా బకిళ్లు ఒకే ఎత్తులో ఉండాలి, కంటి అంచుకు గానీ, చెవి కింద దవడ కదిలే కీలు మీదికి గానీ రాకూడదు. కీలు ఎక్కడుందో తెలియాలంటే బిజిలీ గడ్డి నములుతున్నప్పుడు చెవి కిందా కంటి వెనకా చెయ్యి పెట్టి చూడండి, కదులుతూ తెలుస్తుంది.

తోలు కోసే ముందు ఇంకో జాగ్రత్త తీసుకోమని గట్టిగా చెబుతాను. అదే వెడల్పులో పాత రెగ్జిన్‌తోనో మందపాటి గోనె పట్టీతోనో నమూనా కళ్లెం ఒకటి పిన్నులు లేకుండా, పెద్ద కుట్లతో వేయించండి. బిట్ లేకుండానే బిజిలీ తలకు పెట్టి చూడండి. అది చెవులు ముందుకూ వెనక్కూ తిప్పనివ్వండి, గడ్డి తిననివ్వండి, తల దించనివ్వండి. తలకట్టు కింద వేలు తలకు ఒక వైపు నుంచి ఇంకో వైపు దాకా అడ్డు లేకుండా జారాలి. చెవి మొదట్లో ఎక్కడైనా వేలు ఇరుక్కుంటే అక్కడ సుద్దతో గీత గీసి అన్నకు చూపించండి. తోలు కోసేశాక పెంచడం కుదరదు.

కొత్త కళ్లెం వచ్చాక మొదటి రోజే స్వారీ వద్దు. బిజిలీకి కళ్లెం అంటే నొప్పి అని గుర్తుండిపోయింది. ఆ గుర్తు చెరగడానికి సమయం పడుతుంది. ముందు కళ్లెం వాసన చూడనివ్వండి, పక్కనే పెట్టి దాణా వేయండి. తర్వాత బిట్ లేకుండా తల మీద వేసి కాసేపు ఉంచి తీసేయండి. తలకట్టును చెవుల మీంచి దాటించేటప్పుడు చెవిని మడిచి లాగకండి. ఒక్కో చెవిని మెల్లగా ముందుకు వంచి, తలకట్టు కింది నుంచి దాటించాలి. బిట్ పెట్టేటప్పుడు పళ్లకు కొట్టకుండా, బొటనవేలు పెదవి కొసలోని ఖాళీ చోట పెడితే నోరు దానంతట అదే తెరుస్తుంది. మన నల్లగొండ ఎండల్లో ఇంకో సంగతి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో వేలాడదీసిన బిట్ కాలిపోతుంటుంది. ప్రతిసారీ ముందు అరచేతిలో పట్టుకుని చూసి, నీళ్లలో ముంచి అప్పుడు నోట్లో పెట్టండి.

తోలు సంరక్షణ పెద్ద పనేమీ కాదు. దిగగానే తడి గుడ్డతో చెమట, బిట్ మీద ఎండిన నురగ తుడిచేయాలి. అప్పుడప్పుడు జీను సబ్బుతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. నూనె పలచగా, ఎప్పుడో ఒకసారి. నూనె ఎక్కువైతే తోలు సాగుతుంది, కుట్టు దారం కుళ్లుతుంది. బండి ఇంజిన్ ఆయిల్ ఎవరైనా రాయమంటే వినకండి. వానాకాలంలో గాలి ఆడే చోట వేలాడదీయండి, సంచిలో కట్టి పెడితే బూజు పడుతుంది. ప్రతి స్వారీకి ముందు బిట్ దగ్గరి కుట్లు, బకిల్ ముల్లు దూరే రంధ్రాలు లాగి చూడటం మీ అబ్బాయికే అప్పగించండి.

స్వారీ అయ్యాక కళ్లెం తీసి చెవుల వెనక, పెదవి కొసల్లో, గొంతు కింద చేత్తో తడమండి. వెంట్రుకలు ఒక చోట మాత్రమే నలిగి ఉంటే, ఒక చోట చెమట పట్టి పక్కనే పొడిగా ఉంటే, అక్కడ ఒత్తిడి ఉంది. చర్మం ఊడక ముందే ఆ పట్టీ ఒక రంధ్రం వదులు చేయండి, అప్పటికీ పోకపోతే అన్న దగ్గరికి తీసుకెళ్లండి.

పుండు మానాక కొలతలు తీసి, ప్రతి కొలత దేనిదో పక్కన రాసి నాకు పంపండి. వాటితో పాటు నమూనా కళ్లెం వేసినప్పుడు తీసిన ఫొటోలు కూడా పంపండి, ఒకటి ఎదురుగా, రెండు పక్కల నుంచి ఒక్కొక్కటి, ఇంకొకటి వెనక నుంచి చెవుల మొదళ్లు కనబడేలా. తోలు కోయక ముందే చూసి చెబుతాను.